నెమ్మదిగా కదిలే కోల్డ్ ఫ్రంట్, ఒకేచోట కురిసే వాన

అమెరికా మధ్య, తూర్పు రాష్ట్రాల్లో జూన్ నుంచి ఆగస్టు దాకా వాతావరణ సూచనల్లో ఒక వాక్యం మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. నెమ్మదిగా కదులుతున్న కోల్డ్ ఫ్రంట్ ప్రభావంతో రెండు మూడు రోజుల పాటు ఉరుములు, మెరుపులతో వానలు పడతాయని. ఎండలకు విసిగిపోయినవాళ్లు ఇందులో 'కోల్డ్' అన్న మాట పట్టుకుని ఊపిరి పీల్చుకుంటారు. పిడుగులంటే భయపడేవాళ్లు ఉరుముల దగ్గరే ఆగిపోతారు. నష్టం ఎంత ఉండబోతోందో ఎక్కువగా చెప్పే మాట మాత్రం 'నెమ్మదిగా'. గాలివాన గంటలో దాటిపోతే నేల తడుస్తుంది. అదే గాలివాన ఆరు గంటలు అక్కడక్కడే తిరిగితే వాగు ఇళ్లలోకి వస్తుంది.

ఫ్రంట్ అంటే వేర్వేరు గుణాలున్న రెండు గాలి రాశుల మధ్య సరిహద్దు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే వాతాగ్రం అంటారు. నార్వేలోని బెర్గెన్‌లో వాతావరణ శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ నడిపిన బృందం ఈ భావనకు స్పష్టమైన రూపం ఇచ్చింది. ఆయన కొడుకు జేకబ్ 1919లో ప్రచురించిన చిన్న వ్యాసంతో వాతావరణ పటాలు గీసే తీరే మారిపోయింది. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి నేలను అంటిపెట్టుకుని ముందుకు తోసుకొస్తుంది, ముందున్న వెచ్చగాలిని పైకి లేపుతుంది. మామూలు కోల్డ్ ఫ్రంట్ వాలు చాలా తక్కువ. వెనక్కి 50 నుంచి 100 కిలోమీటర్లు వెళితే గాని చల్లగాలి పొర ఒక కిలోమీటరు మందం కాదు. అంత మెల్లని వాలు కూడా వేసవిలో సరిపోతుంది. ఎందుకంటే అప్పటికే వెచ్చగాలి పైకి లేవడానికి సిద్ధంగా ఉంటుంది, ఫ్రంట్ చేసేదల్లా దాన్ని కదిలించడమే.

పైకి లేచిన గాలి చల్లబడుతుంది, అందులోని ఆవిరి నీటి బొట్లవుతుంది. ఒక కిలో ఆవిరి నీరుగా మారితే సుమారు 25 లక్షల జౌళ్ల వేడి విడుదలవుతుంది. ఆ వేడి చుట్టూ ఉన్న గాలిని ఇంకా తేలిక చేసి మరింత పైకి పంపుతుంది. అందుకే మధ్యాహ్నం రెండు గంటలకు తెల్లగా, చిన్నగా కనిపించిన మేఘం సాయంత్రానికి 12 కిలోమీటర్ల ఎత్తు దాటిన క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘం అవుతుంది. మేఘానికి కావలసిన ఇంధనం కింద ఉన్న తేమే.

చలికాలం ఫ్రంట్‌కీ వేసవి ఫ్రంట్‌కీ ఉన్న తేడా ఇక్కడ తెలియాలి. చలికాలంలో ఉత్తరాన కెనడా గాలికీ దక్షిణాన సముద్రపు గాలికీ ఉష్ణోగ్రతలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడా వల్లే జెట్ స్ట్రీమ్, అంటే చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు సాగే గాలి ప్రవాహం, బలంగా వీస్తుంది, ఫ్రంట్‌ను తరుముతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఉత్తరాన ఉన్న డకోటా రాష్ట్రాల నుంచి బయల్దేరిన చలిగాలి రెండు రోజుల్లో అట్లాంటిక్ తీరం చేరుతుంది. వేసవిలో ఈ బలాలన్నీ సన్నగిల్లుతాయి. ఉత్తరాన కూడా ఎండ కాస్తుంది, తేడా తగ్గుతుంది, జెట్ స్ట్రీమ్ బలహీనపడి కెనడా సరిహద్దు వైపు వెళ్లిపోతుంది. దక్షిణాదికి వచ్చేసరికి ఫ్రంట్ వెనక గాలి ముందున్న గాలికంటే రెండు మూడు డిగ్రీలే చల్లగా ఉండొచ్చు. పై గాలులు ఫ్రంట్‌కు అడ్డంగా వీస్తే దాన్ని ముందుకు తోస్తాయి. ఫ్రంట్ తూర్పు పడమరలుగా పడుకుని, పై గాలులు కూడా దాని వెంబడే పడమర నుంచి తూర్పుకు వీస్తే తోసేవాళ్లే ఉండరు. వేగం 5 నాట్లకంటే, అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్లకంటే తగ్గితే దాన్ని స్టేషనరీ ఫ్రంట్‌గా లెక్కవేస్తారు. పటంలో ఒకవైపు నీలి త్రికోణాలు, ఇంకోవైపు ఎర్రని అర్ధవృత్తాలు ఉన్న గీత అదే. వేసవి పటంలో నీలి గీత కంటే ఈ రెండు రంగుల గీత దగ్గరే కళ్లు ఎక్కువసేపు ఆగాలి.

ఇక తేమ సంగతి. మధ్య, తూర్పు రాష్ట్రాలకు వేసవి తేమ ప్రధానంగా మెక్సికో సింధుశాఖ నుంచి వస్తుంది. అట్లాంటిక్ మీద బెర్ముడా దగ్గర ఉండే అధికపీడనం చుట్టూ గాలి గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది. దాని పడమటి అంచు వెంట వీచే దక్షిణపు గాలి ఆ తేమను అయోవా, ఇల్లినాయ్, ఒహాయో దాకా మోసుకొస్తుంది. జులైలో మొక్కజొన్న పొలాలు కూడా ఆకుల ద్వారా పెద్ద మొత్తంలో నీటిని గాలిలోకి వదులుతాయి, దాంతో ఆ ప్రాంతంలో ఉక్కపోత ఇంకా పెరుగుతుంది.

దీన్ని కొలవడానికి డ్యూ పాయింట్ చూడటం మేలు. గాలిని ఏ ఉష్ణోగ్రత దాకా చల్లబరిస్తే అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. తేమ శాతం ఎండతోపాటు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా మారిపోతుంది గాని, డ్యూ పాయింట్ గాలిలో నిజంగా ఎంత ఆవిరి ఉందో చెబుతుంది. అది 21 డిగ్రీల సెల్సియస్ దాటితే ఒళ్లు జిగటగా అనిపిస్తుంది. 24 దాటితే నీడలో కూడా ఊపిరి ఆడనట్టుంటుంది, మేఘాలకు మాత్రం అది పుష్కలంగా దొరికిన ఇంధనం. సూచనలు రాసేవాళ్లు ఇంకో అంకె కూడా చూస్తారు. నేల నుంచి పైదాకా గాలి స్తంభంలో ఉన్న ఆవిరి అంతా నీరై కింద పడితే ఎన్ని మిల్లీమీటర్లు అవుతుంది అన్నది. ఆ లెక్క 50 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే భారీ వానకు సరిపడా సరుకు ఉన్నట్టే. వాన మొదలయ్యాక చుట్టుపక్కల తేమ కూడా అక్కడికి చేరుతూనే ఉంటుంది కాబట్టి కురిసేది ఈ అంకెకు కొన్ని రెట్లు ఉండొచ్చు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా అది పట్టి ఉంచగల ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. భూమి వేడెక్కుతున్న కొద్దీ గంట వానలు గట్టిపడతాయని శాస్త్రవేత్తలు చెప్పడానికి ఈ లెక్కే పునాది.

ఒక ఉరుముల మేఘం ఒంటరిగా ఉంటే దాని జీవితకాలం అరగంట నుంచి గంట. వాన పడగానే మేఘం కింద చల్లని గాలి దిగి, కొత్త తేమ పైకి రాకుండా అడ్డుపడుతుంది. మేఘం తన వానతోనే ఆరిపోతుంది. మరి ఆరు గంటల వాన ఎక్కడిది? కిందికి దిగిన ఆ చల్లగాలి నేలమీద పరుచుకుంటూ పోయి, పక్కనున్న వెచ్చగాలిని లేపి కొత్త మేఘాన్ని పుట్టిస్తుంది. ఆ కొత్త మేఘం పుట్టేచోటు పాతదానికి వెనకవైపు ఉండి, పై గాలులు అన్నిటినీ ఫ్రంట్ గీత వెంబడే తోస్తుంటే, ఒకే పట్టాల మీద ఒకదాని వెనక ఒకటి వచ్చే రైళ్లలా మేఘాలన్నీ ఒకే ఊరి మీదుగా పోతాయి. ఒక్కో మేఘం పడమర నుంచి తూర్పుకు మామూలు వేగంతోనే కదులుతుంది. రాడార్ బొమ్మలో కదలిక కనిపిస్తుంది. కానీ వాన పట్టీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రాడార్‌ను ఫోన్‌లో చూసి 'ఇంకో పది నిమిషాల్లో దాటిపోతుంది' అనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. చూడాల్సింది ఆ ఎర్రటి మచ్చ ఎటు పోతోందని కాదు, దాని వెనక పడమటి చివర కొత్త మచ్చలు పుడుతున్నాయా లేదా అని.

రాత్రి పూట ఇది ఇంకా బలపడుతుంది. పొద్దుగూకాక వాన తగ్గుతుందని అనుకోవడం సహజం. మైదాన రాష్ట్రాల్లో మాత్రం చీకటి పడ్డాక నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులో దక్షిణం నుంచి గాలి వేగం పుంజుకుంటుంది. పగలు నేల వేడికి పుట్టే సుడులు ఆ గాలిని నెమ్మదింపజేస్తాయి, రాత్రి ఆ అడ్డు తొలగుతుంది. ఆ గాలి తేమను తిన్నగా తెచ్చి, ఆగిపోయిన ఫ్రంట్ మీద పోస్తుంది. అందుకే మధ్య రాష్ట్రాల్లో వేసవి వాన పెద్ద వాటా రాత్రిళ్లే పడుతుంది. జనం నిద్రలో ఉన్నప్పుడు.

నెమ్మది ఎంత నష్టం చేస్తుందో చరిత్రలో చూడొచ్చు. 1976 జులై 31 సాయంత్రం. మర్నాడు కొలరాడో రాష్ట్రం ఏర్పడి నూరేళ్లు, పైగా వారాంతం, బిగ్ థాంప్సన్ లోయ సందర్శకులతో నిండి ఉంది. అప్పటికే ఒక చల్లగాలి సరిహద్దు మైదానాల్లో దక్షిణానికి దిగింది. దాని వెనక తూర్పు నుంచి వీచిన తేమగాలి కొండలకు తగిలి పైకి లేచింది. పై గాలులు బలహీనంగా ఉండటంతో మేఘం కొండల మీదే నిలిచిపోయింది. సుమారు 4 గంటల్లో 300 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ ప్రాంతంలో ఏడాది మొత్తం పడే వానలో అది ముప్పావు వంతు. ఇరుకైన లోయలో నీళ్లకు పక్కకు పోయే దారి లేదు. 140 మందికి పైగా చనిపోయారు.

2022 జులై చివరి వారం ఇంకో ఉదాహరణ. మిస్సోరీ నుంచి కెంటకీ వైపు ఒక ఫ్రంట్ అడ్డంగా పరుచుకుని కదలకుండా ఉండిపోయింది. 26వ తేదీ తెల్లవారుజామున సెయింట్ లూయిస్‌లో 200 మిల్లీమీటర్లకు పైగా కురిసి, 1915 నుంచి నిలిచి ఉన్న ఒక్కరోజు వాన రికార్డు చెరిగిపోయింది. తర్వాత రెండు రోజులకు తూర్పు కెంటకీ కొండ లోయల వంతు వచ్చింది. వైట్స్‌బర్గ్ దగ్గర నార్త్ ఫోర్క్ కెంటకీ నది 1957 నాటి 14.7 అడుగుల రికార్డును దాటి 20 అడుగుల పైకి చేరింది. 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడి పల్లెలు వాగుల ఒడ్డున సన్నని చదును నేల మీద ఉంటాయి, చాలాచోట్ల రోడ్డు కూడా ఆ వాగు పక్కనే పోతుంది. చదరపు కిలోమీటరు నేల మీద 200 మిల్లీమీటర్ల వాన పడితే అది 20 కోట్ల లీటర్ల నీరు. కొండవాలు మీద ఆ నీరంతా ఒకే కాలువలోకి చేరుతుంది.

వేగంగా పోయే గాలివాన చేసే హాని వేరు. 2020 ఆగస్టు 10న అయోవాను చితక్కొట్టిన డెరేచో, అంటే వందల కిలోమీటర్లు సాగే పెనుగాలివాన, 14 గంటల్లో సుమారు 1,240 కిలోమీటర్లు పరుగెత్తింది. సీడర్ రాపిడ్స్ దగ్గర గాలి వేగం గంటకు 225 కిలోమీటర్ల దాకా ఉందని అంచనా. పంటలు నేలకొరిగాయి, పైకప్పులు లేచిపోయాయి. కానీ అది ఏ ఊళ్లోనూ ఎక్కువసేపు ఆగలేదు. గాలి నష్టం వేగంతో, వరద నష్టం నిలకడతో పెరుగుతాయి. రెండిటికీ ఒకే రకం సన్నద్ధత పనికిరాదు.

హెచ్చరికల వ్యవస్థలోనే జనానికి అంతగా తెలియని ఒక ఖాళీ ఉంది. అమెరికాలో గాలివానను 'సివియర్', అంటే తీవ్రం అని ప్రకటించాలంటే గంటకు 58 మైళ్ల గాలి, లేదా అంగుళం సైజు వడగళ్లు, లేదా టోర్నడో ఉండాలి. ఈ కొలతల్లో వానకు చోటు లేదు, పిడుగులకూ లేదు. అంటే గంటకు మూడు అంగుళాలు కుమ్మరించే మేఘం కూడా గాలి మామూలుగా ఉంటే 'సివియర్' కాదు. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చే ఐదు మెట్ల రంగుల పటం ఈ సివియర్ ముప్పు గురించే. టీవీల్లో ఎక్కువగా కనిపించేది అదే. నెమ్మది ఫ్రంట్ ఉన్న రోజు ఆ పటం చాలా ఊళ్లకు అడుగు మెట్టే చూపిస్తుంది, చూసినవాళ్లు నిశ్చింతగా ఉంటారు.

చూడాల్సిన రెండో పటం మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ నుంచి వెదర్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చేది. ఒక చోటుకు 40 కిలోమీటర్ల లోపల ఆకస్మిక వరద తెప్పించేంత వాన పడే అవకాశం ఎంతో అది చెబుతుంది. మార్జినల్ అంటే కనీసం 5 శాతం, స్లైట్ అంటే 15, మోడరేట్ అంటే 40, హై అంటే 70. 'స్లైట్' అన్న మాట తేలిగ్గా వినిపిస్తుంది గాని, ఇల్లు మునిగే విషయంలో 15 శాతం చిన్న అంకె కాదు. ఇంకా ఒకటి ఉంది. ఆకస్మిక వరద హెచ్చరికలన్నీ ఫోన్లలో పెద్ద శబ్దంతో మోగవు. నష్టం గణనీయం లేదా విపత్తు స్థాయి అని గుర్తించినవే మోగుతాయి. కాబట్టి ఫోన్ మోగలేదంటే హెచ్చరిక లేదని కాదు.

ఇంత పరికరాలున్నా ఏ ఊరు మునుగుతుందో ముందురోజే ఎందుకు చెప్పలేరు? ఫ్రంట్ ఎక్కడ ఆగుతుందన్నది అంతకుముందు రాత్రి పడ్డ వాన మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి. రాత్రి మేఘాలు వదిలిన చల్లగాలి ఫ్రంట్‌ను 80 కిలోమీటర్లు దక్షిణానికి నెట్టేయొచ్చు. పొద్దున మబ్బు పట్టి ఎండ రాకపోతే మధ్యాహ్నం గాలివానే రాకపోవచ్చు. బెలూన్లతో గాలి పొరలను కొలిచేది మామూలుగా రోజుకు రెండుసార్లే, అది కూడా కొన్ని కేంద్రాల్లోనే. 2014లో వాడకంలోకి వచ్చిన హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ అనే కంప్యూటర్ మోడల్ నేలను 3 కిలోమీటర్ల గళ్లుగా విభజించి గంటగంటకూ కొత్త అంచనా ఇస్తుంది. ఆ రోజు సాయంత్రం సంగతికి అది ఎంతో ఉపయోగం, ఎల్లుండి సంగతికి కాదు. మూడు రోజుల ముందు సూచనలో ప్రాంతాన్ని నమ్మొచ్చు, ఊరిని నమ్మకూడదు. ముందురోజు సగం రాష్ట్రం దాకా కుదించొచ్చు. జిల్లా పేరు, టైమ్ కావాలంటే ఆ పూటే చూసుకోవాలి.

వాన శాతాన్ని కూడా సరిగ్గా చదవాలి. 40 శాతం అంటే ప్రాంతంలో 40 శాతం నేల తడుస్తుందనో, రోజులో 40 శాతం సేపు కురుస్తుందనో కాదు. ఫలానా చోట ఆ వ్యవధిలో కొలవగలిగినంత వాన, అంటే అంగుళంలో నూరోవంతు అయినా పడే అవకాశం అంత అని. ఎంత పడుతుందో ఆ అంకె చెప్పదు. 40 శాతం రోజున చినుకులు పడొచ్చు, ఐదంగుళాలూ పడొచ్చు.

ఒకే ఫ్రంట్ కింద ఉన్న ప్రాంతాలన్నిటికీ ఒకే అనుభవం ఉండదు. ఉత్తరాన, అంటే మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు, గీత దాటిపోయాక డ్యూ పాయింట్ పడిపోతుంది. ఉష్ణోగ్రత పెద్దగా తగ్గకపోయినా రాత్రి కిటికీలు తెరుచుకునేంత హాయి వస్తుంది. గీతకు దక్షిణాన ఉన్నవాళ్లకు 'కోల్డ్ ఫ్రంట్' వస్తోందని విన్నా చల్లదనం అందదు. పైగా ఫ్రంట్ ముందు తేమ పోగుపడి వడదెబ్బ హెచ్చరికలు కొనసాగుతాయి. వేసవిలో చాలా ఫ్రంట్‌లు సింధుశాఖ తీరం చేరకముందే కరిగిపోతాయి. గీత కింద ఉన్నవాళ్లకే అసలు టెన్షన్. అందులోనూ అపలాచియన్ కొండ లోయలకు, కాంక్రీటు పరుచుకున్న నగరాలకు మిగతావాటికంటే ఎక్కువ, నీరు ఇంకడానికి అక్కడ నేల తక్కువ. రైతుల సంగతి వేరు. మొక్కజొన్న పీచు వేసే జులై రోజుల్లో రెండంగుళాల వాన పంటను నిలబెడుతుంది. బెట్టతో పగుళ్లిచ్చిన అయోవా, ఇల్లినాయ్ పొలాలకు నెమ్మది ఫ్రంట్ కంటే మేలు చేసేది లేదు. రెండు రోజుల మీద మెల్లగా పడిన రెండంగుళాలు వేళ్లకు అందుతాయి, గంటలో పడినవి పైమట్టిని కొట్టుకుపోతాయి.

ఇలాంటి రోజుల్లో జాగ్రత్తలు కొత్తవేమీ కావు, కానీ లెక్కలు గుర్తుండాలి. పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషి కాళ్లు తేలిపోతాయి. 30 సెంటీమీటర్లు చిన్న కారును కదిలిస్తుంది, 60 సెంటీమీటర్లు చాలా వాహనాలను తోసుకుపోతుంది. అమెరికాలో వరద చావుల్లో సగానికి పైగా వాహనాల్లోనే జరుగుతున్నాయి. అది కూడా ఎక్కువగా రోజూ నడిపే రోడ్డు మీద, నీటి కింద ఇంకా రోడ్డు ఉందనే నమ్మకంతో. వాగు ఒడ్డున ఉన్నవాళ్లు పడుకునేముందు ఫోన్ సైలెంట్ తీసేసి, నడిరాత్రి వెళ్లాల్సి వస్తే ఎటు వెళ్లాలో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచుకోవాలి. పిడుగుల విషయంలో ఉరుము వినిపించిందంటే పిడుగు అందేంత దగ్గరలోనే ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రావాలి.

ఫ్రంట్ చివరికి దాటిపోయినా, బలహీనపడి పటం మీంచి మాయమైనా వరద లెక్క అక్కడితో తీరదు. కొండ వాగులు గంటల్లో పొంగి గంటల్లో తీస్తాయి. వాటి నీరంతా చేరే ఒహాయో, మిస్సిసిపీ వంటి పెద్ద నదులు గరిష్ఠ మట్టానికి చేరడానికి రోజులు పడుతుంది, అప్పటికి ఆకాశం నీలంగా ఉంటుంది. నేల మాత్రం నీళ్లతో నిండి ఉంటుంది. ఎన్ని అంగుళాలు పడితే వరద వస్తుందనే పరిమితిని వాతావరణ శాఖ ఈ నేల తడిని బట్టే సవరిస్తూ ఉంటుంది. ఈ వారం మూడంగుళాలు తట్టుకున్న వాగుకు వచ్చే వారం ఒకటిన్నర చాలు. జులైలో కెనడా నుంచి తర్వాతి ఫ్రంట్ రావడానికి నాలుగైదు రోజులే పట్టొచ్చు.